వదిన ఎడమకాలు

కొంగకు నోటి మీద అదుపు ఉండి ఉంటే ఈ కథ పుట్టేదే కాదు. ఆ సాయంత్రం మైదానంలో ఒక్క నిమిషం, పోనీ ఒక గుటక మింగేంత సేపు ఆ నోరు మూసుకుని ఉంటే, వదిన మానాన వదిన ఇంటికి పోయేది, హైజంప్ మానాన హైజంప్ కొంగదిగానే ఉండిపోయేది. కానీ మనసులో పుట్టిన మాట పెదాల దాకా రావడానికి అందరికీ పట్టే సమయం ఆమెకు పట్టదు. లాండ్రీలో ఆ నోటి వల్ల ఇబ్బంది పడనివాళ్లు లేరు. ఆ రోజు ఆమె వంతు వచ్చింది, అంతే.

కొంగ అనేది అసలు పేరు కాదని వేరే చెప్పనక్కర్లేదు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. నడుస్తుంటే ముందు మోకాళ్లు వస్తాయి, ఆ తరవాత తీరిగ్గా మనిషి వస్తుంది. వయసు నలభై దాటింది. హోటళ్లకూ ఆసుపత్రులకూ దుప్పట్లు ఉతికిచ్చే పెద్ద లాండ్రీలో ఇస్త్రీ రోలరు దగ్గర ఆమె పని. రోలరుకు ఆ వైపున తడి దుప్పటి అందిస్తారు. ఈ వైపున అది వేడివేడిగా, నున్నగా బయటికొస్తుంది. దాన్ని ఇద్దరు చెరో కొసా పట్టుకుని, ఒక్క లాగు లాగి, ఎదురెదురుగా నడుచుకుంటూ వచ్చి మడత వేయాలి. ఆ ఇద్దరిలో ఒకరు కొంగ, రెండోవారు వదిన.

వదిన అంటే స్వయానా ఆమె అన్నయ్య భార్య. కానీ కొంగ పొద్దస్తమానం "వదినా, వదినా" అని అరుస్తూ ఉండటంతో ఆ పిలుపు అందరి నోళ్లకూ అంటుకుంది. కొత్తగా చేరిన కుర్రాళ్ల దగ్గర్నుంచి, రేపో మాపో రిటైరు కాబోయే మేనేజరు దాకా అందరికీ ఆమె వదినే. ఈ వరస మేనేజరు గారి భార్యకు అంతగా నచ్చలేదని వినికిడి. వదిన మనిషి పొట్టి, వెడల్పు. నోట్లో నాలుక ఉందా లేదా అని అనుమానం వచ్చేంత నెమ్మది. అయితే చేతికి ఈటె అందితే మాత్రం వేరే మనిషి. పరుగెత్తుకుంటూ వచ్చి, దాన్ని వదిలే క్షణంలో ఒక్క కేక పెట్టేదంటే మైదానం గోడవతల పడుకున్న కుక్కలు లేచి నిలబడేవి.

ఊళ్లో పనిచోట్లన్నిటికీ కలిపి ఏడాదికోసారి ఆటల పోటీలు జరుగుతాయి. లాండ్రీ, రొట్టెల కార్ఖానా, బస్సుల డిపో, అచ్చాఫీసు, ఇలా. నలభై దాటినవాళ్లకు విడిగా పోటీలుంటాయి. ఒక్కో ఆటకు ఒక్కో పనిచోటు నుంచి ఒక్కరే రావాలి. లాండ్రీ తరఫున ఈటె వదినది, హైజంప్ కొంగది. ఎప్పట్నుంచో అంతే. ఇంట్లో అల్మరా మీద ఇద్దరి కప్పులూ పక్కపక్కనే ఉంటాయి, వాటి దుమ్ము దులపడం అన్నయ్య పని.

అలాంటిది, ఒకరోజు తడి దుప్పట్ల మూట ఎత్తబోతే వదిన కుడి భుజం కలుక్కుమంది. డాక్టరు అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఈ చేత్తో జుట్టు దువ్వుకోండి చాలు. అంతకుమించి పైకి ఎత్తి ఏదీ విసరొద్దు" అన్నాడు.

వదిన ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది అనుకుంది కొంగ. రెండు రోజులు మౌనంగా దుప్పట్లు మడిచి, మూడో రోజున మాత్రం ఒకే ఒక్క మాట అంది.

"రోజంతా ఇవి మడిచీ మడిచీ నేనే మడతపడిపోతానే అమ్మడూ. సాయంత్రం ఆ గంటసేపే కాస్త విప్పుకునేదాన్ని."

ఆ గంట జట్టులో ఉన్నవాళ్లకే దొరుకుతుంది. జట్టు జాబితాలో పేరుంటే మేనేజరు సాయంత్రం గంట ముందు వదిలిపెడతాడు. ఏ ఆటా లేనివాళ్లు ఆ గంట కూడా రోలరు దగ్గరే. కాబట్టి వదినకు ఏదో ఒక ఆట కావాలి, ఈ నెలాఖరున జాబితా ఖాయమయ్యేలోగా కావాలి.

జట్టు బాగోగులు చూసేది బాయిలరు మావయ్య. పేరులోనే ఉంది, లాండ్రీ బాయిలరు ఆయన చేతిలో ఉంటుంది. ఒకప్పుడు ట్రిపుల్ జంప్ వీరుడు. ఇప్పుడు మోకాళ్లు మొరాయించి, మెట్లు దిగేటప్పుడు కూడా గోడతో సంప్రదించి మరీ దిగుతాడు. ఆయనకో సిద్ధాంతం ఉంది. "విసరడం విసరడమే, దూకడం దూకడమే. విసిరేవాళ్లు ఏదైనా విసరగలరు, దూకేవాళ్లు ఎక్కడైనా దూకగలరు." కుడి చేయి పోతే ఎడమ చేయి లేదా అని వదిన చేతికి షాట్‌పుట్ గుండు ఇచ్చాడు. అది ఆయన బొటనవేలి పక్కనే పడింది. డిస్కస్ ఇచ్చాడు. అది ముందుకు పోకుండా వెనక వలలోకి పోయి, పిచ్చుకలా చిక్కుకుంది. ఆ రోజు నుంచి వదిన చేతిలో ఏది ఉన్నా ఆయన పదడుగుల దూరం పాటించడం మొదలుపెట్టాడు.

చివరికి ఆయనకే ఇంకో ఆలోచన వచ్చింది. ఈటె విసిరేవాళ్లకు పరుగు బావుంటుంది కదా, అడుగులు లెక్క ప్రకారం పడతాయి కదా, లాంగ్‌జంప్ చేయిస్తే పోలా? లాంగ్‌జంప్ చేసే ప్యాకింగు ఆవిడ ఈ ఏడు రానంది, ఆ చోటు ఖాళీగా ఉంది. అందరికీ ఇది బాగా నచ్చింది. వదిన అడుగులు కొలుచుకుని, గుర్తుగా ఒక చెప్పు పెట్టుకుని, పరుగు అందుకుంది. పరుగు నిజంగా బావుంది. అడుగు అడుగుకూ వేగం పెరుగుతూ, మనిషి బరువు మరిచిపోయినట్టు వచ్చింది. సరిగ్గా ఇసుక గుంటకు ముందు పాతిన చెక్క మీద ఎడమకాలు పడింది. పడి, గుంజ దిగేసినట్టు నిలబడింది. ఆ తరవాత వదిన ముందుకు పోలేదు. తిన్నగా పైకి లేచింది. "హేయ్!" అని పాత కేకే పెట్టి, ఈటె లేని కుడిచేయి గాల్లోకి ఆడించి, అంత ఎత్తునుంచి వచ్చి చెక్కకు జానెడు అవతల ఇసుకలో రెండు కాళ్ల మీదా దిగి కూలబడింది.

జట్టంతా కడుపు పట్టుకుని నవ్వింది. "లిఫ్టులో వెళ్లొచ్చావా వదినా" అన్నారెవరో. వదిన కూడా ఇసుకలో కూర్చునే నవ్వింది. అది ఇంక ఆట లేదని తేలిపోయిన మనిషి నవ్వని కొంగకు తెలిసింది. అయితే అంతకన్నా ముందే కొంగ కళ్లు ఇంకోటి చూసేశాయి. ఇరవై ఏళ్లుగా హైజంప్ బార్ మీదుగా దూకుతున్న కళ్లు అవి, ఎత్తును చూస్తే గుర్తుపట్టకుండా ఉండలేవు. లాంగ్‌జంప్‌లో చెక్క తగిలాక పరుగును ముందుకు సాగనివ్వాలి, కాలు అడ్డం పడకూడదు. ఈటె విసిరేవాళ్ల పద్ధతి దీనికి తలకిందులు. చివరి అడుగులో ఎడమకాలు దిగబడి పరుగును ఠక్కున ఆపేయాలి, ఆగిన పరుగంతా నడుములోంచి భుజంలోంచి ఈటెలోకి పోవాలి. ఇన్నేళ్లు అదే చేసిన కాలు ఇప్పుడూ అదే చేసింది. చేతిలో ఈటె లేదు కాబట్టి, ఆగిన పరుగు ఇంకో దారి లేక వదిననే ఎత్తి పైకి విసిరేసింది.

"నవ్వుతారేంటి! మావయ్యా, నీకు కళ్లున్నాయా? అది లాంగ్‌జంప్ కాదు, హైజంప్! ఆ కాలు చూశావా, ఆ కాలు! అది నా కాలి కన్నా మంచి కాలు!" అని అరిచింది కొంగ.

అరిచాక గుటక మింగింది. ముందు మింగి ఉండాల్సిన గుటక అది.

ఒక్కో ఆటకు ఒక్కరే. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. బాయిలరు మావయ్య వదిన ఎడమకాలి వంక చూశాడు, కొంగ వంక చూశాడు, మళ్లీ కాలి వంకే చూశాడు.

"నాకొద్దు మావయ్యా, అది దాని ఆట" అంది వదిన, ఇసుక దులుపుకుంటూ.

అక్కడితో కథ ముగిసేదే. కానీ ఒక నోరు ఒకసారి జారితే సరిపోతుందా?

"ఏం, దానం చేస్తున్నావా?" ఒంటికాలి మీద లేచింది కొంగ. "నువ్వు దూకితే నేను ఓడిపోతాననేగా! రా, చూసుకుందాం. నెలాఖరున ఇద్దరం దూకుదాం. ఎవరు పైకి పోతే వాళ్లదే చోటు."

"మాట తప్పవుగా?" అన్నాడు మావయ్య.

"నేనెప్పుడు తప్పాను?"

"అయితే సరే. మరి వదినకు నేర్పేదెవరు? ఇక్కడ హైజంప్ తెలిసింది నీకొక్కదానికే."

కొంగ నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచి "నేనే" అంది.

మర్నాడు రోలరు దగ్గర ఇద్దరి మధ్యా మాటల్లేవు. దుప్పటి బయటికి రాగానే కొంగ ఒక కొస అందుకుని మామూలు కన్నా గట్టిగా లాగింది. వదిన కూడా తక్కువ తినలేదు. ఎదురెదురుగా నడిచి కొసలు కలిపేటప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మధ్యాహ్నానికి ఒక ఆసుపత్రి దుప్పటి నిలువునా రెండయింది. దాన్ని చూసి ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది, కానీ ముందు నవ్వినవాళ్లు ఓడినట్టని ఇద్దరూ అనుకోవడంతో ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఇంటి దగ్గర అన్నయ్య పరిస్థితి అన్నింటికన్నా ఘోరం. కింద వాటాలో ముందు గది ఆయన సైకిళ్ల కొట్టు, వెనక గదుల్లో సంసారం, పైన ఒంటిగదిలో చెల్లెలు. పైనుంచి కొంగ మెట్ల మీద నిలబడి "అన్నయ్యా, న్యాయం నువ్వే చెప్పు" అంటుంది. వెనకనుంచి వదిన "ఏవండీ, మీరే చెప్పండి" అంటుంది. ఆయన ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు ఎక్కడ వస్తాయా అని చూస్తూ, "నన్ను మధ్యలో పెట్టి ఇటొకరు అటొకరు గాలి కొట్టకండి, పేలిపోతాను" అనేవాడు. నెలాఖరు దాకా ఆయన అదే జవాబు చెప్పాడు.

నేర్పడం అయితే మొదలైంది. దూకినవాళ్లు పడటానికి లాండ్రీ వాళ్లు వేసే పరుపు పలచన, వెల్లకిలా పడితే నడుము విరుగుతుంది. అందుకని అక్కడ పాత పద్ధతిలో కత్తెర దూకుడే. బార్‌కు దగ్గరగా ఉన్న కాలు ముందు దాటుతుంది, నేల తన్నిన కాలు వెనక దాటుతుంది. కొంగ ఒక నిర్ణయం తీసుకుని మైదానానికి వెళ్లింది. మాట ఇచ్చింది కాబట్టి నేర్పుతుంది. అయితే అంతా నేర్పాలని ఎక్కడా లేదు కదా. పరుగు ఎలా వంపు తిరగాలో చెబుతుంది, ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది, అసలు కీలకం మాత్రం కడుపులో దాచుకుంటుంది. ఇది మోసం కాదు, ఒకరకం పొదుపు అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

వదిన పరుగెత్తుకుంటూ వచ్చింది. ఈటె వాళ్లకు చివరి అడుగుల్లో వెనక్కి వాలడం అలవాటే, హైజంప్‌కూ అదే కావాలి, దాన్ని నేర్పే పనే లేకుండా పోయింది. ఎడమకాలు దిగబడింది. మనిషి లేచింది. బార్ మీద ఇంకా జానెడు ఖాళీ ఉండగా, కుడిచేయి "హేయ్!" అంటూ ముందుకొచ్చి బార్‌ను ఫెడీమని కొట్టింది. బార్ ఎగిరిపోయి అవతల పడింది. భుజం పట్టుకుని వదిన పరుపు మీద కూలబడింది.

"నేను కొట్టలేదే. అదే కొట్టింది" అంది అయోమయంగా తన చేతినే చూసుకుంటూ.

రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. కాలు ఆగగానే చేయి విసరాలి, ఆ శరీరానికి తెలిసింది అది. మావయ్య ఆ చేతిని నడుముకు కట్టేద్దామన్నాడు. కట్టేస్తే మనిషి పక్కకి ఒరిగి బార్‌తో పాటు స్టాండును కూడా వెంటబెట్టుకుని పడింది. చేతికి తడి తువ్వాలు ఇచ్చి పట్టుకోమన్నాడు. అది వెళ్లి ఆయన ముఖానికే చుట్టుకుంది.

దీనికి విరుగుడు కొంగకు మొదటిరోజే తెలుసు. అదే ఆమె దాచుకున్న కీలకం. ఆ సాయంత్రం దాచింది. మర్నాడు దాచింది, నాలుక కొరుక్కుని మరీ దాచింది. ఆమెకు అన్నం సయించలేదు. మంచి పరుగు వచ్చి చెడ్డ దూకుడుగా మారడం చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాదు, ఎదుటివాళ్ల చొక్కా బొత్తాం తప్పు కాజాలో ఉంటే చూడలేని మనిషి. మూడోనాడు వదిన మళ్లీ బార్‌ను కొట్టి, తనే వెళ్లి తెచ్చి పైన పెడుతుంటే ఇంక ఆగలేకపోయింది.

"మోకాలు వదినా! చేయి కాదు, కుడి మోకాలు విసురు! ఈటె అనుకుని మోకాల్ని విసురు!"

వదిన బార్ పట్టుకుని అలాగే నిలబడింది. దూకు అంటే ఆమెకు అర్థం కాలేదు ఇన్ని రోజులూ. ఎగురు అన్నా అర్థం కాలేదు. విసరడం మాత్రం ఆమెకు తెలిసిన పని. వెనక్కి వెళ్లి, వంపు తిరిగి, వచ్చింది. కాలు దిగింది. కుడి మోకాలు గుండెల దాకా లేచింది, కేక కూడా దానితోనే లేచింది. చేయి పాపం ఏం చేయాలో తోచక పక్కన వేలాడింది. బార్ కదల్లేదు.

పరుపు మీద కూర్చుని వదిన పైకి చూసి, బార్ అక్కడే ఉందని నమ్మడానికి కాస్త సమయం తీసుకుంది. తరవాత కొంగను చూసి నవ్వింది. రోలరు దగ్గర ఆగిపోయిన నవ్వు కూడా అందులో కలిసి వచ్చింది.

"ఇన్ని రోజులూ ఎందుకు చెప్పలేదే?"

"పొదుపు చేశాను" అంది కొంగ.

ఆ తరవాత దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. వదిన రోజురోజుకీ పైకి పోతుంటే కొంగకు ఒకవైపు సంబరం, ఇంకోవైపు తన చోటు పోతుందన్న బెంగ. ఒకనాడు చాటుగా ఈటె పట్టుకుని మావయ్య దగ్గరకు వెళ్లింది. ఈటె చోటు ఖాళీగానే ఉంది కదా. వదిన కాలు ఇటు రాగలిగితే తన కాలు అటు పోలేదా? మావయ్యకూ ఇది తన సిద్ధాంతానికి కొత్త కొమ్మలా తోచింది. కొంగ పరుగెత్తి, అలవాటు చొప్పున వెనక్కి వాలి, ఆకాశం కేసి చూసి విసిరింది. ఈటె కూడా ఆకాశం కేసే చూసింది. పైకి, ఇంకా పైకి పోయి, అక్కడ ఏం చేయాలో తోచక ఆగి, తోకముందుగా వచ్చి ఆమె నిలబడ్డ చోటికి నాలుగడుగుల్లో పడింది. ఎన్నిసార్లు విసిరినా అంతే. ఖాళీగా ఉన్న లాంగ్‌జంప్‌కు పోయినా అదే తంతు, దూకితే పైకే లేచింది. ఆమె ఒళ్లంతా పైకి పోవడానికే అలవాటుపడింది, దూరం అనే మాటే దానికి తెలియదు.

"ఇది వెళ్లే దారే గానీ వచ్చే దారి కాదు కొంగమ్మా" అన్నాడు మావయ్య, మెల్లగా.

అంటే ఓడితే ఇంక తనకు ఏ ఆటా లేదు. గంట ముందు సెలవూ లేదు. కొంగకు ఆ రాత్రి భోజనంలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో కూడా తెలియలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే చెల్లెలు ఏమీ అనకపోయేసరికి అన్నయ్య భయపడి తనే రెండుసార్లు రుచి చూశాడు.

నెలాఖరు వచ్చింది. పోటీకి లాండ్రీ మొత్తం వచ్చింది. అన్నయ్య కొట్టు మూసి వచ్చి, ఎవరి వైపూ కాదని తెలియజేయడానికి సరిగ్గా స్టాండుకు నడిమధ్యన నిలబడితే మావయ్య అడ్డమని పక్కకు నెట్టాడు. బార్ పెరుగుతూ పోయింది. కొంగ తేలిగ్గా, చప్పుడు లేకుండా దాటుతోంది. వదిన కేకలు పెడుతూ దాటుతోంది. ఈ మధ్య కొన్నేళ్లలో కొంగ దాటని ఎత్తుకు బార్ చేరింది. ఆమె మొదటిసారి మడమతో తగిలించింది. రెండోసారి తుంటితో. మూడోసారి దాటేసిందనే అనుకున్నారందరూ, తనూ అనుకుంది. బార్ కాసేపు ఊగి, ఆలోచించుకుని, పడింది.

వదినకూ రెండు పోయాయి. ఒక్కటే మిగిలింది. ఇది కూడా పోతే ఇద్దరూ సమానం. సమానమైతే పాతవాళ్లదే చోటని మావయ్య ముందే చెప్పాడు.

వదిన తన గుర్తు దగ్గరికి వెళ్లింది. పరుగు మొదలుపెట్టే చోట పెట్టుకున్న చెప్పును వంగి సర్దినట్టే సర్ది, ముందుకు జరిపింది. మరీ ఎక్కువ కాదు, అడుగున్నర. చూసేవాళ్లకు అది మామూలు సర్దుడే. కానీ ఆ దూరం కొలిచి పెట్టింది కొంగ. అక్కడనుంచి పరుగెత్తితే చివరి అడుగు బార్ కిందకి పోతుంది, కాలు ఎంత గొప్పదైనా మనిషి బార్‌ను గుద్దుకోక తప్పదు. అది వదినకు కూడా తెలుసు.

కొంగ చూస్తూ నిలబడింది. కాసేపు, నిజం చెప్పాలంటే, ఆమెకు ఆ చెప్పు అక్కడే ఉండాలని అనిపించింది. ఎవరికీ తెలియదు. వదిన ఎన్నటికీ చెప్పదు. తన హైజంప్ తనకుంటుంది. తరవాత ఆమెకు కోపం ముంచుకొచ్చింది. ఇన్ని రోజులు తిప్పలు పడి, దాచుకున్నది కక్కేసి, ఆ కాలికి దారి చూపించింది ఇలా బార్‌ను గుద్దుకోవడానికా? పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ వెళ్లి, వంగి, చెప్పు తీసి పాత చోట పెట్టింది.

"నేను కావాలనే…" అని గొణిగింది వదిన.

"తెలుసు. నోరు మూసుకుని దూకు."

వదిన ఆమె ముఖంలోకి చూసింది. వెనక్కి ఒక అడుగు వేసి, పరుగు అందుకుంది. వంపు తిరిగింది, వాలింది, ఎడమకాలు దిగింది. గోడవతల కుక్కలు లేచాయి. వదిన బార్ అవతల ఉంది, బార్ బార్ చోటనే ఉంది.

కొంగకు బాధ వేసింది. వేయలేదని చెబితే అబద్ధం. ఇంటికి వెళ్లి పైగదిలో తలుపేసుకుని, తన బూట్లు తుడిచి పెట్టెలో పెట్టి, కాసేపు ఏడిచింది కూడా. కిందనుంచి వదిన పిలిస్తే, "వస్తున్నా, గెలిచినవాళ్లే టీ పెట్టాలి" అని అరిచి, ముఖం కడుక్కుని దిగింది.

పోటీల నాడు లాండ్రీకి సెలవు. పెద్ద మైదానం, ఊరంతా అక్కడే. వదిన వీపు మీద నంబరు గుచ్చింది కొంగే. అలా ఇంకొకరి వీపు మీద నంబరు గుచ్చడం ఆమెకదే మొదటిసారి. గుచ్చేటప్పుడు పిన్ను గుడ్డ దాటి లోపలికి దిగితే, "నన్నే పొడుస్తున్నావా ఏంటే" అంది వదిన. తరవాత కొంగ జనానికి అడ్డంగా కట్టిన తాడు ఇవతలికి వచ్చి, గ్లాసులో టీ పోసుకుంటున్న బాయిలరు మావయ్య పక్కన నిలబడింది. ఒంటి మీద మామూలు చీర, కాళ్లకు మామూలు చెప్పులు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అవతల రొట్టెల కార్ఖానా ఆవిడ దాటింది. బస్సుల డిపో కండక్టరు దాటలేదు. వదిన పేరు పిలిచారు. వదిన అటూ ఇటూ చూడలేదు, బార్ వంక కూడా చూడలేదు, ఒక్కసారి తాడు ఇవతల ఉన్న కొంగ వంక చూసి పరుగు మొదలుపెట్టింది.

ఆ పరుగులో ప్రతి అడుగూ కొంగకు తెలుసు. ఇక్కడ వంపు. ఇక్కడ వాలు. ఇక్కడ ఆగు. కాలు దిగింది.

ఫట్‌మని చప్పుడైంది. మావయ్య గ్లాసు గాల్లోకి లేచింది, టీ మొత్తం ఆయన చొక్కా మీదికి వచ్చింది. ఆయన వేడికి గెంతులేస్తూ ఒకసారి బార్ కేసి, ఒకసారి పక్కకి చూశాడు. బార్ కదల్లేదు. వదిన పరుపు మీద ఉంది. పక్కన కొంగ ఎడమకాలి మీద నిటారుగా నిలబడి ఉంది. కుడి మోకాలు గుండెల దాకా లేచి ఉంది. అదే గ్లాసును తన్నింది. ఇన్నేళ్లలో తను దాటిన ఏ ఎత్తుకూ రానంత సంతోషం ఆమె ముఖంలో ఉంది.

"ఏయ్ కొంగమ్మా!" చొక్కా దులుపుకుంటూ గొంతు తగ్గించి కసిరాడు మావయ్య. "పనిచోటుకు ఒక్కరే దూకాలి. ఇద్దరు దూకడం ఆ జడ్జీ చూశాడంటే మనల్ని పోటీలోంచి తీసేస్తాడు, ముందా కాలు దించు!"

"ఉండు మావయ్యా," అంది కొంగ, "ఇంకా దిగలేదు."